నలభై ఏళ్లకు ఎవర్ని అడగాలి?

ఇంటర్ ఫలితాలు రావడమే ఆలస్యం, ప్రొద్దుటూరు, పులివెందుల వీధుల్లో కెరీర్ గైడెన్స్ ఫ్లెక్సీలు లేచాయి. పేపర్లు ప్రత్యేక పేజీలు వేస్తున్నాయి. ఎంపీసీ పిల్లకు ఏ బ్రాంచి మేలో, డాక్టరు సీటు రాని బైపీసీ పిల్లాడికి ఇంకేం దారులున్నాయో చెప్పడానికి రిటైరైన ప్రిన్సిపాళ్లు, కోచింగ్ సెంటర్లవాళ్లు పోటీపడుతున్నారు. సంతోషమే. కానీ ఆ పిల్లను సదస్సుకు తీసుకొచ్చి వెనక వరసలో కూర్చున్న తండ్రి సంగతేమిటి? పిల్లకు పదిహేడేళ్లు. చేరిన బ్రాంచి నచ్చకపోయినా సర్దుకోవడానికి బోలెడంత కాలముంది. తండ్రికి నలభై రెండు. బోరు ఎండిపోయి చీనీచెట్లు కొట్టేసిన చేనును మళ్లీ దున్నాలా, గుత్తకిచ్చి వేరే పని చూసుకోవాలా అన్నది తేల్చుకోవాల్సినవాడు ఆయన. తప్పటడుగు పడితే పిల్ల ఫీజుతో సహా అన్నీ ఆగిపోతాయి. ఆయన కోసం ఏ ఊళ్లోనూ ఫ్లెక్సీ లేదు.

వీరపునాయునిపల్లెనే తీసుకుందాం. ఎర్రగుంట్ల నుంచి వేంపల్లె పోయే దారిలో ఉండే మండల కేంద్రం. అక్కడ నిలబడి చుట్టూ చూస్తే పనులే లేవని ఎవరూ అనలేరు. ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, థర్మల్ కేంద్రం, బండల పాలిష్ యూనిట్లు. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు. పులివెందుల దిక్కున తుమ్మలపల్లె యురేనియం గని. ఏదీ కుదరకుంటే కువైట్. ప్రతి పనికీ ఒక సలహాదారుడు ముందే తయారుగా ఉన్నాడు. ఫ్యాక్టరీ పనికి కాంట్రాక్టరు తాలూకు మేస్త్రీ, కువైట్‌కు ఏజెంటు, ఆటో కొనమనడానికి ఫైనాన్స్ కంపెనీ కుర్రాడు. వీళ్లు సలహాకు పైసా అడగరు. తీసుకోవాల్సింది ఇంకోచోట తీసుకుంటారు. రాయి కోసే దుమ్ము పదేళ్లకు రొమ్ములో ఏం చేస్తుందో మేస్త్రీ చెప్పడు. పక్క ఊరి ఆటో కిస్తీలు కట్టలేక ఎట్లా జప్తు అయిందో ఫైనాన్స్ కుర్రాడు చెప్పడు. చెప్పగలిగినవాళ్లు ఆ పని చేసి, నష్టపోయి, మానుకున్నవాళ్లు. వాళ్లు సదస్సులు పెట్టరు. అడిగినా సగమే చెబుతారు, పరువు అడ్డమొస్తుంది.

సర్కారు ఈ పనికి ఎప్పుడూ పూనుకోలేదా అంటే, పూనుకుంది. అసలు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి పుట్టిందే పని మారే పెద్దవాళ్ల కోసం. 1945 జులైలో, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చే సిపాయిలకు ఊళ్లో బతుకు చూపించాలని పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ పెట్టారు. తుపాకీ దించి వచ్చినవాడు మరో పనికి ఎట్లా మళ్లాలి? ఆ ఆఫీసు ముందున్న ప్రశ్న అదే. దేశ విభజన తర్వాత కాందిశీకుల భారమూ దాని మీదే పడింది. 1948లో తలుపులు అందరికీ తెరిచారు, 1956లో రాష్ట్రాల చేతికిచ్చారు. 1959 చట్టం ఖాళీలు తెలియజేయడాన్ని తప్పనిసరి చేసింది కానీ, ఎక్స్ఛేంజి పంపినవాళ్లనే తీసుకోవాలని ఎవరినీ కట్టడి చేయలేదు. 1996లో సుప్రీంకోర్టు, మన కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ కేసులోనే, ఎక్స్ఛేంజి జాబితాతో సరిపెట్టుకోకుండా పత్రికల్లోనూ ప్రకటన ఇవ్వాలంది. అప్పటికే అది చదువైపోయిన కుర్రాళ్లు కార్డు రెన్యువల్ చేయించుకునే చోటుగా మారిపోయింది. మధ్యవయసువాడికోసం తెరిచిన తలుపులో మధ్యవయసువాడే కనబడకుండా పోయాడు.

తర్వాత వచ్చిన పథకాలూ అంతే. గ్రామీణ యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, 2014లో పెట్టింది, మామూలుగా ముప్పై అయిదేళ్ల దగ్గర గీత గీస్తుంది. వయసు పైబడటమే అర్హతైన దారి ఒక్కటుంది. పదో తరగతి పాసవని ఆడమనిషి పనికోసం గల్ఫ్ పోవాలంటే మాత్రం ముప్పై నిండి ఉండాలి. ఆ నిబంధన ఆమె రక్షణకోసమే, కాదనను. లైసెన్సున్న ఏజెంటు జీఎస్టీ కాక ముప్పై వేలకు మించి వసూలు చేయకూడదన్నదీ రక్షణే. పోయేముందు ఒకరోజు అవగాహన శిక్షణ కూడా ఉంది. బతుకు మొత్తం మార్చుకోవడానికి ఒకరోజు.

పిల్లలకిచ్చినట్టే పెద్దలకూ కౌన్సెలింగ్ ఇస్తే సరిపోతుందా? దీనికి జవాబు ప్రొద్దుటూరు బజారులోనే దొరుకుతుంది. 1963 జనవరిలో, చైనా యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చారు. 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయరాదు. మన ఆడవాళ్లు తరతరాలుగా పెట్టుకునేది 22 క్యారెట్లు. 14 క్యారెట్ల బంగారంలో రాగో వెండో అయిదింట రెండు వంతులకు పైనే. వన్నె తగ్గుతుంది, ఉలికి లొంగదు, తాకట్టు పెడితే షావుకారు మొహం తిప్పుకుంటాడు. కొనేవాళ్లు కొనడం మానేశారు. దేశమంతా లక్షల కుంపట్లు ఆరిపోయాయి, కంసాలుల ఆత్మహత్యలు పార్లమెంటులో చర్చకొచ్చాయి. బంగారం తప్ప మరో ఊసులేని బజార్లలో ఆ ఏడాది ఎట్లా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. అప్పుడు సర్కారు ఊరికే కూర్చోలేదు. కొత్త వ్యాపారానికి అప్పులు, పిల్లల చదువుకు రాయితీలు, ఉద్యోగాలకు వయసులో సడలింపు ప్రకటించింది. స్వతంత్ర భారతంలో ఒక వృత్తివాళ్లందరినీ ఒక్కసారిగా వేరే పనికి మళ్లించాలని చూసిన సందర్భాల్లో ఇంతకంటే పెద్దది నాకు తట్టడం లేదు. మొత్తమ్మీద అది పారలేదు. ఏడాది తిరక్కముందే పాత నగ కరిగించి చేసే పనికి సడలింపు ఇచ్చారు. 1966లో 14 క్యారెట్ల నిబంధనే ఎత్తేశారు. 1968లో చట్టం చేసి, 1990లో దాన్నీ రద్దు చేశారు.

ఎందుకు పారలేదు? కంసాలికి దారి తెలియక కాదు. అతని దగ్గరున్న విద్య ఏమిటో చూడండి. గీటురాయి మీద ఒక్క గీత గీసి వన్నె చెబుతాడు. ఊదుగొట్టంతో మంటను టంకం కరిగే చోటికే, నగ కరగనంత సేపే తోలుతాడు. తరుగు ఎంత పోతుందో ముందే లెక్కగడతాడు. అంగడి ముందు మట్టిని కూడా వదలరు, దాన్ని కడిగి బంగారపు రజను ఏరుకునేవాళ్లున్నారు. ఇంత లెక్క తెలిసినవాడు అప్పు తీసుకుని కిరాణా అంగడి పెడితే ఏమవుతుందో లెక్కగట్టలేడా? గట్టాడు కాబట్టే చాలామంది కదల్లేదు. అంగడి నిలదొక్కుకునేదాకా ఇంట్లో పొయ్యి వెలిగే ఏర్పాటు ఏ రాయితీలోనూ లేదు. నియంత్రణ ఎప్పటికైనా సడలుతుందని ఎదురుచూడటం అతని లెక్కలో చౌక. ఆ లెక్కే నెగ్గింది కూడా.

భూమి పోయి పని మారాల్సినవాళ్ల కోసం 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలును కాస్త తెలివిగా రాశారు. ప్రాజెక్టులో ఉద్యోగాలు పుడితే శిక్షణ ఇచ్చి ఉద్యోగమైనా ఇవ్వాలి. లేదా ఒకేసారి అయిదు లక్షలు. లేదా నెలకు రెండు వేలకు తగ్గకుండా ఇరవై ఏళ్లు. కాగితం మీద ఇది చక్కని కెరీర్ కౌన్సెలింగే. మునక ఊళ్లవాడు ఒకేసారి వచ్చే సొమ్మే కోరుకుంటే అధికారులు తల పట్టుకుంటారు, వీళ్లకు ముందుచూపు లేదంటారు. నెత్తిన అప్పున్నవాడికి ఇరవై ఏళ్ల ముందుచూపు వడ్డీకి చాలదు. గండికోట జలాశయంలో నీళ్లు పెరిగి 2020లో తాళ్లప్రొద్దుటూరు మునుగుతున్నప్పుడు జనం రోడ్డెక్కి అడిగిందేమిటి? పరిహారం, ఖాళీ చేయడానికి గడువు. కౌన్సెలింగ్ కావాలని ఎవరూ అడగలేదు.

ఇక్కడికి వచ్చేసరికి మండలానికో వయోజన కెరీర్ సలహాదారుణ్ని వేయమని అడుగుతానని మీరనుకుంటూ ఉంటారు. అడగను. వేస్తే ఏమవుతుందో ఎక్స్ఛేంజి చరిత్ర చెప్పింది: ఒక రిజిస్టరు, ఒక సంతకం, ఏడాదికో జాబ్ మేళా. నలభై ఏళ్లవాడికి కొరతగా ఉన్నది సలహా కాదు, సలహాను పరీక్షించి చూసుకునే వెసులుబాటు. రెండు పడవల మీద కాళ్లు పెట్టవద్దని పెద్దలు అంటారు కదా. పదిహేడేళ్ల పిల్లకు ఆ మాట చెల్లుతుంది. ఇల్లు గడిపేవాడు పని మారేది రెండు పడవల మీదే, ఇంకో దారి లేదు. మన దగ్గర నిజంగా పనిచేసిన ఏర్పాట్లన్నీ ఆ రెండో పడవను కట్టేసి పట్టుకున్నవే. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాని గొప్పతనం పాఠాల్లో లేదు. ఇంటర్ లేకపోయినా ప్రవేశ పరీక్ష రాసి, ఉన్న ఉద్యోగం వదలకుండా డిగ్రీ చదవనిచ్చింది. ఎర్రగుంట్ల దగ్గరి రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి, పత్రికా ఉద్యోగంతో మొదలై అధ్యాపకుడై, ఆ విశ్వవిద్యాలయంలోనే డైరెక్టరుగా పనిచేశారు. పని మారడం ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లు అక్కడ ఉండేవారన్నమాట.

నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ 2015 నుంచీ ఉంది, అందులో వెతుక్కోవచ్చు కదా అంటారు. వెతుక్కోవచ్చు, చదువు అన్న గడి నింపాక. మోటారు బావిలోంచి తీసి బాగుచేయడం, శనక్కాయ కుప్పలో చెయ్యి పెట్టి తేమ చెప్పడం, ఇరవైమంది కూలీలను పొద్దున ఆరుకల్లా చేనికి చేర్చడం ఏ గడిలో రాయాలి? ఊరికే డబ్బిస్తే సోమరులవుతారన్నది ఇంకో అభ్యంతరం. దీనికి సర్కారే జవాబిచ్చేసింది. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయల భత్యం ఉంది. పై వయసు గీత లేదు. పద్దెనిమిది వృత్తుల్లో కంసాలి ఉన్నాడు, రాయి కొట్టేవాడున్నాడు. చేనేత లేదు కాబట్టి జమ్మలమడుగు మగ్గం మనిషికి చోటు లేదు. ఉన్న పనిలో ఉండిపోయేవాడికి ఇచ్చే ఆ 500, దాన్ని వదిలి మరో పని నేర్చుకునేవాడికి ఎందుకివ్వకూడదు? బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో తిండి, బస ఇప్పటికే ఉచితం. మనిషికి అక్కడ భోజనం పెడతారు, ఇంట్లో నలుగురికి పెట్టరు. లోటు అంతే. హాజరు పట్టీ పెట్టండి, మూడు నెలలని గడువు పెట్టండి, పని నచ్చక మధ్యలో తిరిగి చేనికి పోయినవాడి దగ్గర ఆ సొమ్ము వెనక్కి అడక్కండి. చివరి మాట ఆర్థికశాఖకు మింగుడు పడదు. కానీ వెనక్కి పోగలనని తెలిస్తేనే బాధ్యత ఉన్నవాడు ముందుకు కదులుతాడు. పోయి, చూసి, మానుకుని వచ్చినవాడుంటే మేస్త్రీ దాచిపెట్టే రెండో సగం ఊరికి తెలుస్తుంది.