లేదన్న వ్యూ ఎక్కడుంది?

డేటాబేసులో వ్యూ అనేది పేరు పెట్టి దాచిన ఒక ప్రశ్న. మామూలు వ్యూకు సొంత డేటా ఉండదు. అడిగిన ప్రతిసారీ అసలు టేబుళ్ళ నుంచి తెచ్చి చూపిస్తుంది. పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్లలో జీతాల రిపోర్టులు, స్టాకు లెక్కలు చాలావరకు ఇలాంటి వ్యూల మీదే నడుస్తాయి. రాత్రి కొత్త వెర్షన్ ఎక్కించాక పొద్దున్నే ‘టేబుల్ ఆర్ వ్యూ డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని వస్తే ఆఫీసంతా హడావిడి పడేది అందుకే. ఓరాకిల్‌లో ఈ ఎర్రర్ నంబరు 00942. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 208, మైఎస్‌క్యూఎల్‌లో 1146.

ఓరాకిల్ మాటను ఉన్నదున్నట్టు నమ్మకూడదు. వ్యూ నిజంగా లేకపోయినా, ఉండి దాన్ని చూసే అనుమతి మీకు లేకపోయినా అది చెప్పేది ఒకటే. అనుమతి లేనివాడికి ఫలానా వ్యూ ఉందన్న సంగతి కూడా తెలియకూడదని అలా చేశారు. ఆ జాగ్రత్త న్యాయమైనదే. కానీ డెవలపర్ లేదంటాడు, డేటాబేసును నిర్వహించే డీబీఏ తన లాగిన్‌లో చూసి ఉందంటాడు. ఇద్దరి మాటా నిజమే.

ఈ తగవు తీర్చే పద్ధతికి మూలం ఎడ్గార్ కాడ్ ఆలోచనలో ఉంది. 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించిన ఆయన, 1985లో ప్రకటించిన నియమాల్లో నాలుగోదాన్ని కేటలాగుకు కేటాయించాడు: డేటాబేసు తన గురించి తాను దాచుకునే వివరాలను కూడా మామూలు డేటాను అడిగే భాషలోనే అడగగలగాలి. ఈ పనిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఈ నియమమే. దీనివల్ల ఊహాగానాలతో పనిలేదు, నేరుగా అడిగేయవచ్చు.

ఓరాకిల్‌లో ‘డీబీఏ వ్యూస్’ డేటాబేసులోని అన్ని వ్యూలనూ చూపిస్తుంది. ‘ఆల్ వ్యూస్’ మీరు చూడగలిగిన వాటినే చూపిస్తుంది. మొదటిదాన్ని డీబీఏ అడగాలి. రెండోదాన్ని అప్లికేషన్ వాడే అకౌంటుతోనే లాగిన్ అయి అడగాలి. రెండింటిలోనూ లేకపోతే వ్యూను సృష్టించే స్క్రిప్టు నడవలేదు, లేదా మీరు వేరే డేటాబేసులో ఉన్నారు. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోతే గ్రాంట్, అంటే చూసే అనుమతి, లేదు. రెండింటిలోనూ ఉంటే పేరు దగ్గర చూడాలి: స్కీమా పేరు రాయలేదేమో, సినానిమ్ లేదేమో, అక్షరాల తేడా ఏమైనా ఉందేమో. కొటేషన్ లేని పేర్లను ఓరాకిల్ పెద్దక్షరాల్లోకి, పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాల్లోకి మార్చుకుంటాయి. అందుకే ఏదో టూలు కొటేషన్లు పెట్టి సృష్టించిన వ్యూ, కొటేషన్లు లేకుండా అడిగితే దొరకకపోవచ్చు.

అనుభవమున్నవాళ్ళను కూడా తిప్పలు పెట్టేది ఇంకోటుంది. క్వెరీని విడిగా నడిపితే బాగానే ఉంటుంది, స్టోర్డ్ ప్రొసీజర్‌లో పెడితే అదే 00942. కారణం రోల్, అంటే పేరు పెట్టి ఒకచోట చేర్చిన అనుమతుల కట్ట. మామూలు ప్రొసీజర్ లోపల రోల్ ద్వారా వచ్చిన అనుమతులు పనిచేయవు. ప్రొసీజర్ ఎవరిదో ఆ యూజర్‌కు నేరుగా గ్రాంట్ ఇవ్వాలి.

వ్యూ ఉండి, దాని కిందున్న కాలమ్ పోతే ఎర్రర్ వేరే వస్తుంది: ఓరాకిల్‌లో 04063, మైఎస్‌క్యూఎల్‌లో 1356. పోస్ట్‌గ్రెస్ మాత్రం వ్యూ ఆధారపడిన టేబుల్‌ను తీసేయనివ్వదు. క్యాస్కేడ్ అని రాస్తే వ్యూను కూడా కలిపి తీసేస్తుంది. ఆ మాట రాసేముందు ఏమేం పోతాయో చూసుకోవాలి.

తొందరలో ప్రొడక్షన్‌లో చేత్తో వ్యూ సృష్టించడం, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయడం నిజంగా చెడ్డ పనులు. మొదటిది తర్వాతి రిలీజ్‌లో చెరిగిపోవచ్చు. రెండోది జీతాల వివరాలను చూడకూడనివాళ్ళ ముందు పెడుతుంది. ఓరాకిల్‌లో వ్యూను డ్రాప్ చేసి మళ్ళీ సృష్టిస్తే పాత గ్రాంట్లన్నీ పోతాయి, ‘క్రియేట్ ఆర్ రీప్లేస్’ అంటే నిలుస్తాయి. అమీర్‌పేటలో ఓరాకిల్ నేర్చుకుంటున్న పిల్లలకు చెప్పేది ఇదే: వ్యూ రాసిన ఫైలులోనే దాని గ్రాంట్లూ రాయండి, పరీక్షించేటప్పుడు అప్లికేషన్ అకౌంటుతోనే లాగిన్ అవండి.