పేరు మీద కాదు కోపం

ఊరి పేరు మార్చినప్పుడల్లా చరిత్ర చెరిగిపోతోందని బాధపడేవారుంటారు. ఆ బాధలోని నిజాయితీకి మన జిల్లాల పేర్లే గీటురాయి.

1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లా 1972లో ప్రకాశం జిల్లా అయింది. 2010లో కడప జిల్లా వై.ఎస్.ఆర్. జిల్లా అయింది, 'కడప' అన్న మాట అందులోకి తిరిగి రావడానికి 2025 దాకా పట్టింది. రెండుచోట్లా పాతపేరు పూర్తిగా పోయింది. ఎవరి కొంపా కాలలేదు. కోనసీమ జిల్లాలో పాతపేరు అలాగే ఉంచి, ముందు అంబేద్కర్ పేరు చేర్చబోయారు. 2022 మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబెట్టారు. కనుక అభ్యంతరమంతా ఆ మహనీయుడు పుట్టిన కులం మీదనేనని నేనంటాను.

ఆ ఏడాదే పేరు ఖరారయింది. అందుకు పాలకులకు జేజేలు కొట్టనక్కరలేదు; పేరు ఇచ్చినంత తేలిగ్గా వారు భూమి ఇవ్వరు. అయినా ఆ పేరుకు విలువ ఉంది. పాలేరు పేరుకు తరతరాలుగా 'గాడు' తగిలించి పిలిచిన పెత్తందారు, నేడు తన అర్జీ మీద ఒక దళితుని నిండుపేరు రాయాలి. మంట పుట్టింది అక్కడే. ఈ మంట కనిపించని కోనసీమ కథ ఎంత పచ్చగా ఉన్నా సగం కథే.