కాంట్ నియమం, సార్త్ర్ ఎంపిక

సొంత బుద్ధిని వాడే ధైర్యం లేక మరొకరి చెప్పుచేతల్లో ఉండిపోవడం మనిషి తనకు తాను తెచ్చిపెట్టుకున్న మైనరు దశ. అందులోంచి బయటపడడమే జ్ఞానోదయమని జర్మన్ తాత్వికుడు ఇమాన్యుయెల్ కాంట్ 1784లో ఒక బెర్లిన్ పత్రికలో నిర్వచించాడు. ఇష్టం వచ్చినట్టు నడవడం అతని లెక్కలో స్వేచ్ఛ కాదు. కోరిక లాగినవైపు పోయేవాడు కోరికకు బానిస. అందరికీ వర్తించగల నియమాన్ని తన హేతుబుద్ధితో తనకే విధించుకుని పాటించేవాడు స్వతంత్రుడు. ఈ మాటకు పునాది తాత్వికుడు రూసో 1762లోనే వేశాడు. కాంట్ చెప్పే 'నేను'లో ముఖ్యమైనది మనుషులందరిలో ఉమ్మడిగా ఉన్న ఆ హేతుబుద్ధే. జ్ఞానోదయ యుగమంతా ఇలాగే ఆలోచించిందనుకోకూడదు. వెతికితే అనుభూతుల మూటే తప్ప స్థిరమైన 'నేను' దొరకదని స్కాట్లండ్ తాత్వికుడు హ్యూమ్ అంతకుముందే తేల్చాడు.

జ్ఞానోదయ తాత్వికులు దేవుణ్ణి పక్కన పెట్టినా 'మానవ స్వభావం' అనే అచ్చును మాత్రం వదల్లేదన్నది ఇరవయ్యో శతాబ్దపు ఫ్రెంచి అస్తిత్వవాది సార్త్ర్ ఫిర్యాదు. 1945 అక్టోబరులో పారిస్‌లో చేసిన ప్రసంగంలో అతను కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా చూపాడు. కత్తి తయారవకముందే అది ఏ పనికో తయారుచేసేవాడికి తెలుసు. మనిషికి అలాంటి ముందస్తు నమూనా లేదు. ముందు ఉంటాడు, తర్వాత తన చేతలతో తానెవరో తయారవుతాడు.

ఆ ప్రసంగంలో అన్నిటికన్నా బలమైనది సార్త్ర్ దగ్గరికి సలహాకు వచ్చిన ఒక విద్యార్థి కథ. అతని అన్న 1940 జర్మన్ దాడిలో చనిపోయాడు. తల్లికి ఇక ఇతనే దిక్కు. ఇంగ్లండ్ వెళ్లి స్వేచ్ఛా ఫ్రెంచి సేనలో చేరాలా, తల్లి దగ్గరే ఉండాలా? మనుషుల్ని కేవలం సాధనాలుగా వాడవద్దన్న కాంట్ సూత్రం ఇక్కడ అక్కరకు రాదు. తల్లి దగ్గర ఉంటే పోరాడేవాళ్లు, వెళ్తే తల్లి సాధనాలవుతారు. స్వేచ్ఛ ఉంది, నువ్వే ఎంచుకో అన్నాడు సార్త్ర్. కుర్రవాడికి ఇది సాయమో కాదో గానీ, నియమం ఎక్కడ ఆగిపోతుందో స్పష్టంగా చూపింది.

అయితే తనకోసం ఎంచుకునేవాడు మనుషులందరి కోసమూ ఎంచుకుంటున్నాడని అదే ప్రసంగంలో అన్నప్పుడు, గెంటేసిన కాంట్‌ను సార్త్ర్ దొడ్డిదారిన మళ్లీ లోపలికి పిలిచాడు.

ఇద్దరూ తక్కువగా పట్టించుకున్నది పరిస్థితుల బరువును. కాంట్ 1797లో స్త్రీలకు, ఇంటి పనివాళ్లకు ఓటు హక్కుగల పౌరులలో చోటివ్వలేదు. 'ది సెకండ్ సెక్స్' (1949)లో ఫ్రెంచి రచయిత్రి సీమోన్ ద బోవా స్త్రీ 'నేను'ను సమాజం ఎలా తయారుచేస్తుందో చూపింది. స్వేచ్ఛ గురించిన ఈ వాదంలో ఆమె పుస్తకమే ఎక్కువ దూరం వెళ్లింది.