పింజ, తేమ, నూలు నంబరు: వరస వెనక పోలిక

పత్తి సీజన్‌లో ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే లాట్లను వరసలో పెట్టమంటే, ముందు అడగాల్సింది ‘ఏ లెక్కన?’ అని. కొనేవాడు పింజ పొడవు చూస్తాడు, జిన్నింగ్ మిల్లువాడు తేమ చూస్తాడు. బండి తోలుకొచ్చిన రైతుకు ఎవరి లాటు ముందు దిగిందన్నదే ముఖ్యం. సరుకు ఒకటే, వరసలు మూడు. దీనికి ప్రోగ్రాం రాయబోయే కుర్రకారు చాలామంది మూడు సార్టింగ్ పద్ధతులకు సిద్ధమవుతారు. అక్కర్లేదు. వరస పెట్టే యంత్రాంగం లైబ్రరీలోనే ఉంది, మారేదల్లా పోలిక.

ఈ సంప్రదాయం పాతదే. సీ భాషలోని క్యూసార్ట్, రెండు వస్తువుల్లో ఏది ముందో చెప్పే ఫంక్షన్‌ను మన దగ్గరే తీసుకుంటుంది. అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ రూపొందించిన లైబ్రరీని 1994లో సీ ప్లస్ ప్లస్ ప్రమాణాల సంఘం ఆమోదించాక ఈ పద్ధతి సార్ట్ ఒక్కదానితో ఆగలేదు. వెతకడం, విడగొట్టడం, గరిష్ఠం తీయడం, అన్నీ మనమిచ్చిన పోలికతోనో షరతుతోనో నడుస్తాయి. సొంతంగా రాసిన బబుల్ సార్ట్ వెయ్యి లాట్లకు దాదాపు 5 లక్షల పోలికలు చేస్తుంది. లైబ్రరీ సార్ట్‌కు సుమారు 10 వేలు చాలు. అయినా సొంత సార్ట్ మీద మోజు ఎందుకో నాకు అర్థం కాదు.

పోలిక రాయడం మాత్రం చూసినంత తేలిక కాదు. ‘పింజలో అర మిల్లీమీటరు లోపు తేడా ఉంటే రెండూ సమానమే, అప్పుడు తేమ తక్కువున్నది ముందు’ అని రాశామనుకోండి. వినడానికి న్యాయంగానే ఉంది. ఇప్పుడు మూడు లాట్లు తీసుకోండి: 28.8, 29.2, 29.6 మిల్లీమీటర్లు. మొదటిది రెండోదానికి సమానం, రెండోది మూడోదానికి సమానం. మొదటిదీ మూడోదీ మాత్రం సమానం కావు! పొట్టి పింజలో తేమ తక్కువగా, పొడుగు పింజలో ఎక్కువగా ఉంటే మొదటిది రెండోదాన్ని గెలుస్తుంది, రెండోది మూడోదాన్ని గెలుస్తుంది, ఆ మూడోది పింజ పొడుగుతో తిరిగి మొదటిదాన్ని ఓడిస్తుంది. ఇలాంటి పోలిక అందితే సీ ప్లస్ ప్లస్‌లో ఏమైనా జరగొచ్చు, ప్రోగ్రాం కూలిపోవచ్చు కూడా. జావా 7 నుంచి కొన్నిసార్లు పోలిక ఒప్పందం తప్పిందని ఎర్రర్ ఇస్తుంది. అసలు ప్రమాదం పైథాన్‌లో ఉంది. అది ఏమీ అనకుండా తప్పు వరస చేతిలో పెడుతుంది.

దీనికి మందు పత్తి వ్యాపారంలోనే ఉంది. ముందు తరగతులు కట్టు, తర్వాత పోల్చు. కేంద్రం మద్దతు ధర ప్రకటించేది కూడా తరగతులకే: 2025-26లో మధ్యస్థ పింజకు క్వింటాల్ 7,710 రూపాయలు, పొడుగు పింజకు 8,110. ప్రతి లాటుకూ ముందే తరగతి అంకె ఇచ్చేసి, తరగతి, తేమ, చెత్త శాతం అన్న క్రమంలో పోల్చితే ఆ చిక్కు రాదు. తేమ 12 శాతం దాటిన పత్తిని కాటన్ కార్పొరేషన్ కొనదు కాబట్టి దాన్ని సార్ట్‌లోకి తేనే వద్దు, పార్టిషన్‌తో ముందే పక్కకు తీయాలి. అన్నింటిలో సమానమైన లాట్లు వచ్చిన వరసలోనే ఉండాలంటే సీ ప్లస్ ప్లస్‌లో స్టేబుల్ సార్ట్ వాడాలి. మామూలు సార్ట్ ఆ హామీ ఇవ్వదు. పైథాన్ సార్ట్ ఇస్తుంది. రైతు దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. ఇక రోజు చివర గరిష్ఠ, కనిష్ఠ ధరలు చెప్పడానికి సార్ట్ అవసరమే లేదు, జాబితాను ఒక్కసారి చూస్తే చాలు.

ఎమ్మిగనూరుకు వస్తే చిక్కు ఇంకో రకం. 1938లో మాచాని సోమప్ప చొరవతో చేనేత సహకార సంఘం వెలసిన ఊరిది. నూలు నంబరు తెలియని మగ్గం ఉండదు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే నంబరు. అంటే నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నమవుతుంది. పట్టుకు వాడే డెనియర్ దీనికి తలకిందులు: 9,000 మీటర్ల పోగు బరువు గ్రాముల్లో. అంకె పెరిగితే పోగు లావు. రెండూ ఉన్న స్టాకు జాబితాను అంకెను బట్టి వరస పెడితే అర్థం లేని వరస వస్తుంది. నంబర్లను అక్షరాలుగా భద్రపరిస్తే ఇంకా ఘోరం, 100 నంబరు 40 కన్నా ముందుకొస్తుంది.

5,315ను నూలు నంబరుతో భాగిస్తే సుమారుగా డెనియర్ వస్తుంది. 40 నంబరు 133 డెనియర్ అవుతుంది, 100 నంబరు 53. పైథాన్ సార్ట్‌కు ‘కీ’గా ఈ విలువనే ఇస్తే రెండు రకాల పోగులూ లావును బట్టి ఒకే వరసలో కుదురుతాయి. రెండేసి వస్తువులను పోల్చే ఫంక్షన్ కన్నా నాకు ఈ దారే ఇష్టం. ఒక్కో వస్తువుకు ఒక్క అంకె కడితే సరిపోతుంది, పోలికలో వైరుధ్యం దూరే సందు ఉండదు. తర్వాత 60 నంబరు ఎక్కడుందో బైనరీ సెర్చ్‌తో వెతికేటప్పుడు కూడా 60ని 89 డెనియర్‌గా మార్చి, అదే కీతో వెతకాలి. నంబరుతోనే వెతికితే అరలో ఉన్న నూలే లేదని జవాబొస్తుంది.