సాక్ష్యం ఎవరు చెప్పాలి?

అబిడ్స్ ఆదివారం బజారులో వెతికినా, నాంపల్లిలో అడిగినా శాస్త్రవేత్తల జీవిత కథలు దొరికాయి. విత్తనం దాచే ఆడవాళ్ల కథలు నాకు దొరకలేదు. అందుకే పుష్పమిత్ర భార్గవ జీవితాన్నీ, పస్తాపూర్ దళిత మహిళలు తీసిన సినిమానీ పక్కపక్కన పెట్టి చదువుతున్నాను.

1977లో హైదరాబాదులో సిసిఎంబిని నిలబెట్టిన భార్గవ జన్యుశాస్త్రానికి శత్రువు కాదు. 2008లో సుప్రీంకోర్టు ఆయన్ని జన్యుమార్పిడి పంటల అనుమతుల కమిటీకి పరిశీలకుడిగా పంపింది. అమ్ముకునే కంపెనీ ఇచ్చిన పరీక్షలు చాలవనీ, స్వతంత్ర పరీక్షలు కావాలనీ ఆయన వాదించారు. అయినా 2009 అక్టోబరులో కమిటీ బీటీ వంకాయకు సరేనంది. 2010 ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని ఆపింది.

అంతకుముందే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు కెమెరా పట్టుకుని వరంగల్ పత్తిచేలకు వెళ్లారు. 2002లో బీటీ పత్తి వేసిన రైతుల మాటల్ని 2003 సినిమాలో మనముందు పెట్టారు. కొద్దిమంది రైతుల కథతో అన్ని చేలకూ తీర్పు చెప్పలేం, నిజమే. కానీ కంపెనీ సొంత అంకెలు సాక్ష్యమైనప్పుడు, చేలో నిలబడి తీసిన బొమ్మ వట్టి 'అనుభవం' ఎందుకవుతుంది? భార్గవని తోసెయ్యాలంటే ఆయన చదువు అడ్డొచ్చేది. వీళ్లకి ఆ అడ్డు లేదు.

2017లో వెళ్లిపోయిన ఆ శాస్త్రవేత్తని గౌరవించడమంటే ఆయన ప్రశ్నని పొడిగించడమే. వీళ్ల సాక్ష్యాన్నీ పరీక్షించండి. పరీక్షించకుండా మాత్రం పక్కన పడెయ్యకండి.