రెక్క కొసన నలుపు

ఈ వారం మస్కట్ శివార్లలో, వాది అనే ఎండువాగు ఒడ్డున ఉన్న జిల్లేడు పొద దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. రెండు నారింజ రంగు సీతాకోకచిలుకలు ఒకే కొమ్మ చుట్టూ తిరుగుతున్నాయి. ఒకదాని ముందు రెక్క కొసన నల్లపట్టీ, అందులో తెల్లమచ్చలు. మన ఊళ్లలో జిల్లేడు మీద కనబడేది అదే. రెండోదానికి కొసదాకా నారింజే. రెండూ ఒకే జాతి, డానాస్ క్రిసిప్పస్. నలుపు లేని రూపం పేరు డోరిప్పస్.

మనిషినైనా మామిడిపండునైనా నేలే తయారుచేస్తుందని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. ఎడారి ఎండకే ఆ నలుపు పోయి ఉంటుందని వెంటనే అనిపించింది. దానికి సాక్ష్యమూ ఉంది. మన చేలగట్ల మీద పొద్దుగూకే వేళ ఎగిరే ఈవెనింగ్ బ్రౌన్‌కు వానాకాలంలో రెక్కల అడుగున పెద్ద కంటిమచ్చలుంటాయి, ఎండాకాలంలో పుట్టినదాని రెక్క ఎండుటాకులా ఉంటుంది. జన్యువులు అవే, కాలమే వేరు.

ఇక్కడ మాత్రం ఆ వాదన నిలవదు. ఒకే తల్లి పెట్టిన గుడ్లలోంచి, ఒకే పొద ఆకు తిని, రెండు రూపాలూ రావచ్చు. తేడా 15వ క్రోమోజోములో ఉంది. నలుపు లేకపోవడం బహిర్గత లక్షణం, నల్లకొస అంతర్గతం. తల్లీతండ్రీ ఇద్దరూ నలుపు లేనివే అయినా, ఇద్దరిలోనూ అది దాగి ఉంటే పిల్లల్లో సుమారు నాలుగో వంతు నల్లకొసతో పుడతాయి. మెండెల్ బఠాణీల లెక్కే ఇది.

గొంగళిపురుగు ఒంట్లో ఉండగానే రెక్క చిన్న సంచిగా మొదలవుతుంది. ప్యూపాలో రెక్క మీది ఒక్కో పొలుసునూ ఒక్కో కణం తయారుచేస్తుంది. నలుపు సాధారణంగా ఆఖర్న నిండుతుంది. జిల్లేడు ఆకులతో పురుగుల్ని పెంచేవాళ్లు ఎదురుచూసేది ఆ ఘడియ కోసమే. బయటికి రావడానికి కాస్త ముందు పెంకు పలచబడి లోపలి రెక్క కనిపిస్తుంది. కొసన నలుపుందో లేదో అది విప్పుకోకముందే చెప్పేయవచ్చు.

ఏది ఎక్కడ ఎక్కువన్నది మాత్రం చోటును బట్టి మారుతుంది. మన ఆంధ్ర, తెలంగాణల్లో కనబడేవి దాదాపు అన్నీ నల్లకొసవే. ఒమన్ సీతాకోకచిలుకల మీద టార్బెన్, కికీ లార్సెన్ దంపతులు 1980లోనే పుస్తకం తెచ్చారు. ఆ పరిశీలనకు మనమూ చేయి కలపవచ్చు. మస్కట్, సలాలాల్లో ఉంటున్న తెలుగువాళ్లారా, జిల్లేడు కనబడితే ఒక్క నిమిషం ఆగండి. ఏ రూపం ఎన్ని కనబడ్డాయో, తేదీ, చోటుతో సహా రాసిపెట్టండి. ఊళ్లో ఉన్నవాళ్లు ఖాళీస్థలంలోని జిల్లేడును పీకెయ్యకండి.