ఓరిగెన్ బడిలో తర్కపాఠం

పొంతు దేశపు కలవారి బిడ్డ గ్రెగొరీ, రోమన్ న్యాయశాస్త్రం చదవాలని బేరూత్‌కు బయల్దేరాడు. తోబుట్టువును ఆమె భర్త దగ్గర దిగబెట్టే పని మీద పాలస్తీనాలోని కైసరయకు వెళ్లి, అక్కడ క్రైస్తవ పండితుడు ఓరిగెన్ పాఠం విన్నాడు. అంతే, లాయరు చదువు అటకెక్కింది. మూడో శతాబ్దపు తొలి సగం నాటి మాట ఇది. ఏళ్ల తరబడి అక్కడే చదువుకుని, వెళ్లిపోతూ గురువు ఎదుట ఆయన చేశాడని చెప్పే ప్రసంగం ఇప్పటికీ ఉంది. తొలి క్రైస్తవులు తత్త్వశాస్త్రాన్ని ఎలా వాడుకున్నారో అందులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆ బడిలో బైబిలు చివరి పాఠం. మొదట తర్కం. శిష్యుడు ఏ అభిప్రాయంతో వచ్చినా ఓరిగెన్ సోక్రటీసులా ప్రశ్న మీద ప్రశ్న వేసి దాన్ని కుదిపేసేవాడు. ముళ్లకంపలు పీకి బీడును దున్నే రైతు పని అది, అంటాడు గ్రెగొరీ. తర్వాత ప్రకృతి విజ్ఞానం, జ్యామితి, ఖగోళం. ఆపైన నీతిశాస్త్రం. న్యాయం, నిగ్రహం, ధైర్యం గురించి మాట్లాడితే చాలదు, బతికి చూపించాలి. అటుపైన తత్త్వవేత్తలందరినీ చదవాల్సిందే. దేవుడు లేడనేవారిని మాత్రం పక్కన పెట్టాడు. ఏ ఒక్క గురువుకూ కట్టుబడవద్దని హెచ్చరించాడు. ఇన్ని దాటాకే లేఖనాలు.

ఇది అందరికీ నచ్చిన దారి కాదు. కార్తేజీలో క్రైస్తవ రచయిత టెర్టులియన్, ఏథెన్సుకూ యెరూషలేముకూ, అంటే తత్త్వశాస్త్రానికీ విశ్వాసానికీ, ఏం పొత్తు అని నిలదీశాడు. తమాషా ఏమిటంటే, ఆత్మ కూడా ఒక రకం శరీరమేనన్న స్తోయిక్ తత్త్వవేత్తల మాటను ఆయనే హాయిగా వాడుకున్నాడు. అంతకు ముందే రోములో జస్టిన్, క్రైస్తవుడయ్యాక కూడా తత్త్వవేత్తల పైవస్త్రం విప్పలేదు. సృష్టికి ఆధారమైన వాక్కు బీజాలు సోక్రటీసులోనూ ఉన్నాయని వాదించి, 165 ప్రాంతంలో హతసాక్షి అయ్యాడు.

గ్రెగొరీకి రాసిన ఉత్తరంలో ఓరిగెన్ ఈ తగవుకు తన సమాధానం ఇచ్చాడు. జ్యామితి, సంగీతం, వ్యాకరణం తత్త్వశాస్త్రానికి ఎలా తోడ్పడతాయో, తత్త్వశాస్త్రం క్రైస్తవానికి అలా తోడ్పడాలి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి తెచ్చిన బంగారంతోనే కదా ప్రత్యక్ష గుడారపు సామగ్రి చేసుకున్నారు! అయితే అలా తెచ్చుకున్నదాన్ని దేవుడి పనికి వాడేవారు అరుదనీ, దానితో విగ్రహాలు చేసుకునేవారే ఎక్కువనీ వెంటనే అన్నాడు. నా దృష్టిలో ఉత్తరం మొత్తానికీ విలువైన మాట ఇదే. అరువు తెచ్చుకోవడం ఆయనకు తప్పు కాదు, అరువు సొమ్మని మరిచిపోవడమే తప్పు.

ఎదుటివాడి మాటను దాచకపోవడం ఈ పద్ధతిలో మరో గుణం. క్రైస్తవాన్ని ఎండగడుతూ కెల్సస్ రాసిన పుస్తకానికి ఓరిగెన్ ఎనిమిది సంపుటాల్లో జవాబిచ్చాడు. ఒక్కో వాక్యం ఎత్తి రాసి, దాని కిందే ఖండన. కెల్సస్ పుస్తకం ఏనాడో పోయింది. ఇవాళ మనకు తెలిసిన కెల్సస్, శత్రువు పుస్తకంలో బతికినవాడే.

ఓరిగెన్ మాత్రం ఇంటా బయటా దెబ్బలు తిన్నాడు. డెసియస్ చక్రవర్తి కాలంలో చెరసాలలో చిత్రహింసలు పడి, ఆ తర్వాత కొద్ది ఏళ్లకే పోయాడు. ఆత్మలు పుట్టుకకు ముందే ఉన్నాయన్న ప్లేటో మార్కు ఊహలు తర్వాతి క్రైస్తవ సంఘానికి మింగుడుపడలేదు. జస్టినియన్ చక్రవర్తి కాలంలో, 543లోనూ 553లోనూ ఆయన పేరు మీద ఖండనలు వెలువడ్డాయి. ఆయన రచనల గ్రీకు మూలాలు చాలావరకు నశించాయి.

అయినా కొన్ని మిగిలాయి. 1941లో కైరో దగ్గర తూరా రాతిగనుల గుహను మందుగుండు నిల్వ కోసం శుభ్రం చేస్తుంటే పాపిరస్ పుస్తకాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఓరిగెన్, హెరాక్లిడెస్ అనే బిషప్పుతో జరిపిన చర్చ. తండ్రి దేవుడేనా? కుమారుడు వేరా? అతడూ దేవుడేనా? అయితే ఇద్దరు దేవుళ్లా? ఇలా ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు. నిలదీసింది బిషప్పును. నిలదీసినవాడు హోదాలో ఆయనకన్నా చిన్నవాడు, ఒక ప్రెస్బిటరు (సంఘపెద్ద) మాత్రమే.